హైదరాబాద్‌లో వీడియోగ్రఫీ నేర్చుకోవాలంటే: ఫోనా, పెళ్లి యూనిట్టా, కోర్సా?

హైదరాబాద్‌లో వీడియోగ్రఫీ మొదలుపెట్టడానికి ఆషాఢం చాలా మంచి నెల. పెళ్లి ముహూర్తాలు ఉండవు కాబట్టి వీడియో యూనిట్ల వాళ్లు తీరికగా ఉంటారు, నిలబడి నాలుగు మాటలు మాట్లాడతారు. అద్దె కెమెరాలకూ అంత గిరాకీ ఉండదు. అదే నెలలో గోల్కొండలో మొదలైన బోనాలు సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి ఆలయానికి, ఆ తర్వాత లాల్‌దర్వాజాకు చేరతాయి. రంగు, కదలిక, డప్పు, ముఖాలు, గుంపు అన్నీ ఒక్కచోట ఉండే అలాంటి సందర్భం కొత్తవారికి మళ్లీ సులువుగా దొరకదు. అయినా చాలామంది ఆ నెలంతా ఏ కెమెరా కొనాలా అని ధరలు చూస్తూ గడిపేస్తారు. కెమెరా సంగతి తర్వాత. ముందు తేల్చుకోవలసింది ఎవరి దగ్గర, ఏ దారిలో నేర్చుకోవాలన్నది.

ఈ నగరంలో దారులు నాలుగు. ఫోనుతో సొంతంగా సాధన చేయడం, పెళ్లి వీడియో యూనిట్‌లో సహాయకుడిగానో సహాయకురాలిగానో చేరడం, కొన్ని వారాల నుంచి కొన్ని నెలల దాకా సాగే కోర్సు, పూర్తి స్థాయి డిగ్రీ లేదా ఫిల్మ్ స్కూల్. వీటిని ఖర్చును బట్టి పోల్చడం నాకు సరిగా అనిపించదు. నేను ఒక్క ప్రశ్న పెట్టుకుంటాను: మీరు తీసింది చూసి ఎక్కడ చెడిందో చెప్పే మనిషి ఆ దారిలో ఎవరు, ఎంత త్వరగా చెబుతారు? వీడియోలో మన తప్పు మనకు కనిపించదు. తీసినవారికి ఆ క్షణమంతా గుర్తుంటుంది, చూసేవారికి ఉండేది ఫ్రేము మాత్రమే. మనకు ఎంతో బాగున్న షాట్‌లో వాళ్లకు ఏమీ అర్థం కాకపోవచ్చు. ఆ తేడాను చెప్పేవారు లేకపోతే ఏళ్ల తరబడి అదే తప్పు చేస్తూ పోతాం.

ఫోనుతో సొంతంగా

ఇది అందరికీ అందుబాటులో ఉన్న దారి. కానీ ఫోను కెమెరాను ఆటో మోడ్‌లోనే వదిలేస్తే అది ఏమీ నేర్పదు. వెలుతురు, రంగు, ఫోకస్ అన్నీ తానే మార్చుకుంటూ పోతుంది. కిటికీ పక్కన కూర్చున్న అమ్మమ్మను తీస్తూ ఫోనును కాస్త పక్కకు తిప్పగానే ఆమె ముఖం నల్లబడిపోయేది అందుకే. బ్లాక్‌మ్యాజిక్ కెమెరా అనే ఉచిత యాప్ 2023లో ఐఫోన్లకు, 2024లో కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లకు వచ్చింది. అందులో షటర్ (ఒక్కో ఫ్రేముకు వెలుతురు పడే సమయం), ఐఎస్ఓ (పడిన వెలుతురును ఎంత పెంచి చూపాలన్నది), వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా రంగు సరిచేయడం), ఫోకస్ వేటికవి మన చేతిలో ఉంటాయి. మీ ఫోనులో అది పనిచేయకపోతే ఫోను సొంత కెమెరాలోనే వీటిని మనమే పెట్టుకోనిచ్చే ప్రో మోడ్ ఉందేమో చూడండి.

మొదట పెట్టుకోవలసిన అమరిక సెకనుకు 25 ఫ్రేములు, షటర్ 1/50, అంటే సెకనులో యాభయ్యో వంతు. దీనికి కారణం తెలుసుకుంటే తర్వాత చాలా అవస్థలు తప్పుతాయి. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. ఇళ్లలో, ఫంక్షన్ హాళ్లలో ఉండే చాలా దీపాలు మన కంటికి తెలియకుండా సెకనుకు 100 సార్లు మిణుకుతుంటాయి. షటర్ 1/60 దగ్గర ఉంటే ఆ మిణుకు వీడియోలో పాకే చారలుగా పడుతుంది. 1/50 లేదా 1/100 పెడితే మామూలుగా ఆ బెడద ఉండదు. విదేశీ యూట్యూబ్ పాఠాలు చాలావరకు 60 హెర్ట్జ్ కరెంటున్న దేశాల్లో తయారవుతాయి. వాటిలో చెప్పిన 30 ఫ్రేములు, 1/60 అమరికను అలాగే తెచ్చి నాంపల్లిలోని ట్యూబ్‌లైట్ల దుకాణంలో వాడితే వీడియో నిండా చారలే. 30 ఫ్రేముల్లో తీయక తప్పకపోయినా షటర్‌ను 1/50కి గానీ 1/100కి గానీ మార్చుకోండి. పట్టపగలు ఎండలో మాత్రం 1/50 పెడితే చిత్రం తెల్లగా మాడిపోతుంది. చాలా ఫోన్లలో లెన్సు రంధ్రాన్ని చిన్నది చేయలేం కాబట్టి, లెన్సుకు ముందు వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ తగిలించాలి.

ఇంకో చిక్కు కూడా ఉంది. చాలా ఫోన్లు ఫ్రేమ్ రేటును స్థిరంగా ఉంచవు, వెలుతురును బట్టి మార్చేస్తుంటాయి. పొడవాటి ఇంటర్వ్యూ తీసి ఎడిటింగ్‌లో విడి మైక్ రికార్డింగ్‌తో కలిపితే కొంతసేపటికి పెదవులకూ మాటకూ పొత్తు తప్పుతుంది. స్థిరమైన ఫ్రేమ్ రేటు ఇచ్చే యాప్ వాడడం మంచిదని చెప్పడానికి ఇదే పెద్ద కారణం.

సాధనకు చోట్లు వెతుక్కోనక్కరలేదు. గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు తెల్లవారకముందే వెళ్లండి. సికింద్రాబాద్ మోండా మార్కెట్ ఉంది. మామూలుగా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నాంపల్లి నుమాయిష్ ఉంటుంది. ఒక మనిషిని ఎంచుకుని, అడిగి, వారు చేస్తున్న ఒక్క పనిని ఐదు షాట్లలో చెప్పండి: చేతులు, ముఖం, ముఖమూ పనీ కలిపి, భుజం మీదుగా వారు చూస్తున్నది, చివరగా దూరం నుంచి ఆ చోటు మొత్తం. పూలదండ కడుతున్న మనిషిని ఈ ఐదు షాట్లలో, ఒక్కొక్కటి పది సెకన్లు కదలకుండా తీయగలిగితే వీడియోగ్రఫీలో మొదటి మెట్టు ఎక్కినట్టే. కొత్తవారు ఎక్కువగా చేసేది దీనికి తలకిందులు. మార్కెట్ అంతా ఫోను ఊపుతూ తిరుగుతారు, ఎడిటింగ్‌కు కూర్చుంటే రెండు సెకన్లు నిలకడగా ఉన్న ముక్క ఒక్కటీ దొరకదు.

అనుమతుల సంగతి ముందే తెలుసుకోండి. చార్మినార్, గోల్కొండ కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. లోపల ట్రైపాడ్ వేయాలంటే వాళ్ల అనుమతి కావాలి. మెట్రో స్టేషన్లలో అనుమతి లేకుండా చిత్రీకరణ కుదరదు. మార్కెట్లలో వ్యాపారులు మామూలుగా కాదనరు కానీ అడగకుండా ముఖం మీద కెమెరా పెట్టడం మర్యాద కాదు. ముఖ్యంగా పిల్లలను తీసేటప్పుడు పెద్దల మాట తీసుకోండి.

ఎడిటింగ్‌కు డావిన్చి రిజాల్వ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ చాలు. దానికి 16 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్ ఉంటే మేలు. ఫోను వీడియోలు నత్తనడక నడిస్తే కంప్యూటర్ మార్చే ముందు ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్ కోసం తేలికపాటి నకళ్లు, చేసుకోవడం నేర్చుకోండి.

ఇక నా ప్రశ్న దగ్గరికొస్తే, ఈ దారిలో తప్పు చెప్పేవారు ఎవరూ ఉండరు. ఇంట్లోవాళ్లు, స్నేహితులు ప్రేమకొద్దీ బాగుందంటారు. దీనికి నేను చెప్పే ఉపాయం ఒక్కటే. శబ్దం తీసేసి, ఏమీ చెప్పకుండా, ఆ సందర్భం తెలియని ఒకరికి వీడియో చూపించండి. అయ్యాక ‘బాగుందా?’ అని అడగకండి, ‘ఏం జరిగింది?’ అని అడగండి. వాళ్లు చెప్పిన కథకూ మీరు తీశాననుకున్న కథకూ మధ్య ఉన్న దూరమే మీరు నేర్చుకోవలసిన పాఠం. వారాంతాలు తప్ప సమయం దొరకని ఉద్యోగులకు, కాలేజీ విద్యార్థులకు ఈ దారితో మొదలుపెట్టమని చెబుతాను. కానీ ఇక్కడే ఆగిపోవద్దని కూడా చెబుతాను.

పెళ్లి యూనిట్‌లో చేరడం

దీన్ని చిన్నచూపు చూసేవారు చాలామంది ఉన్నారు. సినిమా కావాలనుకుని వచ్చినవారు పెళ్లి వీడియో అనగానే ముఖం తిప్పుకుంటారు. నాకు మాత్రం ఈ నగరంలో అన్నిటికన్నా గట్టిగా నేర్పే బడి ఇదే అనిపిస్తుంది. జీలకర్ర బెల్లం ముహూర్తానికి ఒక్కసారే పెడతారు. మంగళసూత్రం మూడు ముళ్లు పడేలోపు మీరు నిలబడిన చోటు తప్పైతే పురోహితుడి వీపు తప్ప ఏమీ రాదు. ఇంకోసారి చేయండని అడిగే వీలు లేదు. అందుకే అనుభవం ఉన్న వీడియోగ్రాఫర్ ముహూర్తానికి అరగంట ముందే పురోహితుడితో మాట్లాడతాడు. అడ్డుతెర ఎటు దించుతారో, పెళ్లికూతురి వాళ్లు ఎటు కూర్చుంటారో కనుక్కుని చోటు ఖాయం చేసుకుంటాడు. జరగబోయేది ముందే ఊహించడమనే ఈ విద్య ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ ఉండదు. డాక్యుమెంటరీకైనా, వార్తలకైనా, క్రికెట్ మ్యాచ్‌కైనా పనికొచ్చేది ఇదే.

వెలుతురు విషయంలో పెళ్లి మండపం కన్నా కష్టమైన పరీక్ష ఉండదు. పైన పసుపు బల్బులు, పక్కన తెల్లటి ఎల్ఈడీ ప్యానెళ్లు, వెనక రంగులు మార్చే ఎల్ఈడీ తెర, మధ్యలో తెల్ల పట్టు పంచె, బంగారం, పసుపు రాసిన ముఖం. తెల్ల పంచె మాడిపోకుండా చూస్తే ముఖాలు చీకటవుతాయి, ముఖాలు చూసుకుంటే పంచె మీద అంచు డిజైన్ పోతుంది. దేన్ని వదులుకోవాలో అక్కడికక్కడే నిర్ణయించాలి. ముఖాన్నే కాపాడుకోవాలి. శబ్దం మరో పరీక్ష. సన్నాయి డోలు పక్కనే మైక్ పెడితే మంత్రం వినిపించదు. హాలులో సౌండ్ సిస్టమ్ వాళ్లను మంచి మాటలతో అడిగి వాళ్ల మిక్సర్ నుంచి ఒక వైరు రికార్డర్‌కు లాక్కోవడం తెలిసిన సహాయకుడికి ఏ యూనిట్‌లోనైనా విలువ ఉంటుంది.

చేరగానే కెమెరా ఇస్తారని ఆశపడవద్దు. మొదట లైటు పట్టుకోవాలి, బ్యాటరీలు చార్జింగ్ పెట్టాలి, కార్డులు మార్చాలి, రాత్రికి డేటా కాపీ చేయాలి. ఇవి చిన్న పనులు కావు. ఎవరి చేతిలో లైటు ఉంటుందో వారు వెలుతురు ముఖం మీద ఎలా పడుతుందో రాత్రంతా చూస్తారు. అది జాగ్రత్తగా చూసినవారికి, కెమెరా చేతికొచ్చినప్పుడు సగం పని వచ్చేసి ఉంటుంది.

అయితే యూనిట్‌ను ఎంచుకోవడంలో తొందర వద్దు. ముందుగా ఒక్క సంగతి అడగండి: ‘మీ ఎడిటర్ పక్కన కూర్చోనిస్తారా?’ ఒప్పుకునే యూనిట్ రోజుకు కాస్త తక్కువ ఇచ్చినా దాన్నే ఎంచుకోండి. ఈ వృత్తిలో తప్పు చెప్పే మనిషి ఎడిటరే. మీరు తీసిన ఇరవై ముక్కల్లో పద్దెనిమిది పక్కన పడేసి, ‘ఇది ఊగింది, ఇది మొదలవకముందే ఆపేశావు, దీనికి ముందు వెనక ఏమీ లేదు’ అని చెబుతుంటే వినడం బాధగానే ఉంటుంది. కానీ అలాంటి ఒక్క సాయంత్రం నేర్పేది నెలల కొద్దీ పాఠాల వీడియోలు చూసినా రాదు. మిక్సింగ్ అని మన ఊళ్లలో పిలిచే ఈ ఎడిటింగ్ పనిని చూడకుండా కేవలం తీయడం నేర్చుకున్నవారు చాలా ఆలస్యంగా ఎదుగుతారు.

డబ్బు సంగతి మొదటి రోజే మాట్లాడుకోండి. రోజుకు ఎంత, ఎప్పుడిస్తారు, ఊరు దాటితే బస, ప్రయాణం ఎవరివి, అర్ధరాత్రి ముహూర్తమైతే ఇంటికి ఎలా చేరాలి అన్నవి తేల్చుకోవాలి. నేర్చుకుంటున్నావు కదా అని ఏమీ ఇవ్వకుండా సీజనంతా తిప్పుకునేవాళ్ల దగ్గర ఉండవద్దు. అమ్మాయిలకు ఈ రంగంలో చోటు లేదనుకోవడం పాత మాట. పెళ్లికూతురిని ముస్తాబు చేసే గదిలో మహిళా వీడియోగ్రాఫర్ కావాలని అడిగే కుటుంబాలు ఉన్నాయి. బస, రాత్రి ప్రయాణం గురించి స్పష్టంగా చెప్పే యూనిట్‌నే ఎంచుకోండి.

లోపాలూ ఉన్నాయి. ఒకే అచ్చులో పోయడం అలవాటవుతుంది: స్లో మోషన్, డ్రోన్, పాట, మళ్లీ స్లో మోషన్. ఒక మనిషిని కూర్చోబెట్టి మాట్లాడించడం, ఒక విషయాన్ని మొదలు నుంచి చివరిదాకా చెప్పడం ఇక్కడ రావు. అందుకే ఒకటి రెండు సీజన్లు చాలంటాను. అది కూడా పక్కన సొంతంగా చిన్న చిత్రాలు తీసుకుంటూ.

కోర్సులు

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ కంప్యూటర్ కోర్సుల మధ్య ఎడిటింగ్, మల్టీమీడియా నేర్పే సంస్థలు కనిపిస్తాయి. మంచివీ ఉంటాయి. కానీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ బటన్లు నేర్పడం వేరు, వీడియో తీయడం నేర్పడం వేరు. ఫీజు కట్టే ముందు ఒక్కో కెమెరాకు ఎంతమంది విద్యార్థులో అడగండి. పదిమందికి ఒక కెమెరా అయితే మీరు చూడడమే తప్ప తీయడం ఉండదు. శబ్దం గురించి విడిగా తరగతులు ఉన్నాయా, మీరు తీసిన ఫుటేజీ మీకు ఇస్తారా అన్నవీ అడగాలి. గత బ్యాచ్‌లో అందరికన్నా బాగా చేసినవారి వీడియోను వాళ్లే చూపిస్తారు. మీరు మధ్యరకం విద్యార్థి చేసినది చూపించమనండి. అది చూపించడానికి ఇబ్బంది పడితే విషయం అర్థమైనట్టే. ఫీజంతా ఒకేసారి కట్టవద్దు. సర్టిఫికెట్ చూసి పని ఇచ్చేవారు ఈ రంగంలో అరుదు. మీరు తీసినవాటిలో మంచి ముక్కలు కలిపిన రెండు నిమిషాల షోరీల్ చూసే ఇస్తారు.

డబ్బు పెట్టే స్తోమత లేనివారు రామోజీ అకాడమీ ఆఫ్ మూవీస్ భారతీయ భాషల్లో ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇస్తున్న సినిమా నిర్మాణ కోర్సులను చూడవచ్చు. స్క్రీన్‌ప్లే, ఎడిటింగ్ లాంటి వాటి పునాది తెలుగులోనే అందుతుంది. ఎదురుగా కూర్చుని తప్పు దిద్దే మనిషి ఉండడు కాబట్టి దాన్ని సాధనకు తోడుగా వాడుకోవాలి, సాధన మానేసి దాని మీదే ఆధారపడకూడదు.

డిగ్రీ, ఫిల్మ్ స్కూల్

సినిమా, ప్రకటనలు, టీవీ వైపు వెళ్లాలని మనసు గట్టిపడినవారికే ఇది. అన్నపూర్ణ స్టూడియోస్ ఆవరణలో 2011 నుంచి ఫిల్మ్ కాలేజీ నడుస్తోంది. మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్ఏఎఫ్ఏయూ)లో ఫొటోగ్రఫీ, విజువల్ కమ్యూనికేషన్‌లో డిగ్రీ ఉంది. గచ్చిబౌలిలోని సెంట్రల్ యూనివర్సిటీలో కమ్యూనికేషన్ విభాగం ఉంది. ఊరు దాటగలిగితే పుణెలోని ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్ (ఎఫ్‌టీఐఐ), కోల్‌కతాలోని సత్యజిత్ రే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఉన్నాయి. వీటిలో దొరికే అసలైన సంపద తోటి విద్యార్థులు. తప్పు చెప్పే గురువులు ఉంటారు, అంతకన్నా ఎక్కువగా పక్క బెంచీలో దర్శకత్వం నేర్చుకుంటున్నవారూ శబ్దం నేర్చుకుంటున్నవారూ మీ పనిని నిలదీస్తారు. వాళ్లే రేపటి మీ బృందం అవుతారు. కానీ సినిమాటోగ్రాఫర్‌కు ఫోకస్ చూసేవారు, లైట్లు పెట్టేవారు, శబ్దం పట్టేవారు విడిగా ఉంటారు. వీడియోగ్రాఫర్ ఇవన్నీ తానే చేసుకోవాలి. ఆరు నెలల్లో సంపాదన మొదలుకావాలనుకునేవారికి ఏళ్ల కొద్దీ సాగే డిగ్రీ సరిపడదు.

నన్ను అడిగితే, డిగ్రీ విద్యార్థికీ ఉద్యోగికీ మూడు నెలలు ఫోను, ఆ తర్వాత మాఘం నుంచో శ్రావణం నుంచో ఒక పెళ్లి సీజన్ అంటాను. వెంటనే సంపాదించవలసినవారు ఆషాఢంలోనే యూనిట్ల తలుపు తట్టాలి. సొంత దుకాణం కోసమో సంస్థ కోసమో వీడియోలు చేసుకోవాలనుకునేవారికి పెళ్లి యూనిట్ అవసరం లేదు; శబ్దం బాగా నేర్పే చిన్న కోర్సు వాళ్లకు ఎక్కువ మేలు చేస్తుంది.

కెమెరా కొనాల్సి వస్తే

ముందు మైక్ కొనండి. బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం చూస్తారు, మాట వినపడకపోతే ముందుకు తోసేస్తారు. కాలర్ మైక్ ఒకటి, కదలిక సాఫీగా ఉండే ఫ్లూయిడ్ హెడ్ ట్రైపాడ్ ఒకటి ఉంటే ఫోనే ఇంకా చాలాకాలం పనిచేస్తుంది. నడుస్తూ తీసినా వణుకు రాకుండా పట్టే గింబల్ తర్వాత.

కొనే ముందు అద్దెకు తీసుకుని వాడి చూడండి. కృష్ణానగర్, యూసుఫ్‌గూడ వైపు సినిమా వాళ్లకు సామాను అద్దెకిచ్చేవాళ్లున్నారు. గుర్తింపు కార్డు, డిపాజిట్ అడుగుతారు. తీసుకునేటప్పుడు లెన్సు, బాడీ, కార్డు స్లాటు వాళ్ల ముందే వీడియో తీసి పెట్టుకోండి.

కొత్తవారు ఎక్కువగా తూకం వేసే మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని, లెన్సు మార్చుకోగల) కెమెరాల్లో సోనీ జెడ్‌వీ-ఈ10, కానన్ ఆర్50, నికాన్ జెడ్30 ఉంటాయి. మూడింటికీ మైక్ పెట్టుకునే జాక్ ఉంది. హెడ్‌ఫోన్ జాక్ మాత్రం సోనీకే ఉంది. ఇంటర్వ్యూలు తీసేవారికి శబ్దం వింటూ తీయగలగడం చాలా పెద్ద సౌకర్యం, అందుకే నా మొగ్గు అటే. మూడింటిలోనూ చిత్రాన్ని పట్టే సెన్సర్‌ను కదిపి వణుకు తగ్గించే ఏర్పాటు లేదు, కాబట్టి ట్రైపాడ్ తప్పదు.

కోఠి వైపు పాత డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే పాత రకం కెమెరా) చవకగా వస్తుందంటే ఒక విషయం చూసుకోండి. వాటిలో చాలా మోడళ్లు 29 నిమిషాల 59 సెకన్లకు రికార్డింగ్ ఆపేస్తాయి. ఉపన్యాసం, పెళ్లి తంతు తీసేటప్పుడు ఇది ఇబ్బంది. అమ్మేవారి ముందే ఇరవై నిమిషాలు రికార్డు చేసి వేడెక్కుతుందేమో, మైక్ జాక్‌లో గరగర వస్తుందేమో, చీకటి ఫ్రేములో తెల్ల చుక్కలున్నాయేమో చూడండి. పాత బిల్లు లేకుండా కొనవద్దు.

డేటా ఖర్చును కూడా లెక్కలోకి తీసుకోండి. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున 4కే తీస్తే గంటకు 45 జీబీ అవుతుంది. కార్డు మీద వీ30 అని ఉండాలి, అంటే సెకనుకు కనీసం 30 మెగాబైట్లు రాయగలదని అర్థం. రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లో కాపీ చేరేదాకా కార్డును ఫార్మాట్ చేయకండి.

డ్రోన్ మొదటి ఏడాది కొనవద్దనే నా సలహా. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాముల లోపు నానో డ్రోన్లకు, వాణిజ్యం కాని పనికి 2 కిలోల లోపు మైక్రో డ్రోన్లకు రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అక్కరలేదు. కానీ డబ్బు తీసుకుని మైక్రో డ్రోన్ ఎగరేయాలంటే ఆ సర్టిఫికెట్ తప్పనిసరి. పైగా మన చుట్టూ బేగంపేట, శంషాబాద్ విమానాశ్రయాలు, హకీంపేట, దుండిగల్ వైమానిక దళ స్థావరాలు ఉన్నాయి. ఎక్కడ ఎగరేయవచ్చో కేంద్ర ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైట్ డిజిటల్ స్కై పటంలో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలుగా చూపిస్తారు. ఎరుపులో కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా కుదరదు. మీకు వచ్చిన పనిలో డ్రోన్ షాట్ అడిగితే సర్టిఫికెట్ ఉన్న పైలట్‌ను ఆ రోజుకు మాట్లాడుకోండి, ఆ ఖర్చును పని ఒప్పుకునే ముందే ధరలో విడిగా రాసి చూపించండి.